చింతపండు రంగు తోలు, తొమ్మిది అంబాసిడర్లు: నా అనుభవం

మా నాన్న అంబాసిడర్ 1984లో కొన్నది. మార్క్ 4. ముందు పొడుగు బెంచీ సీటు, గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే. నాన్న పోయాక రెండేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఇంజన్ పని, టింకరింగ్, వైరింగ్, పెయింటింగ్ ఒక్కొక్కటీ చేయించుకుంటూ వచ్చాను. చివరికి సీట్లు మిగిలాయి. రెగ్జిన్ ఎండకు పెళుసెక్కి పెచ్చులుగా లేస్తోంది. చీలికల్లోంచి కొబ్బరి పీచు బయటికొస్తోంది. పట్టుచీరకు తగిలి దారం లేస్తుందని అమ్మ కారెక్కే ముందు ప్రతిసారీ సీటు మీద తువ్వాలు పరుచుకునేది.

మళ్లీ రెగ్జిన్ వద్దు, ఈసారి అసలు తోలే వేయిద్దాం అనుకున్నాను. 2023 సంక్రాంతి వెళ్లాక పనిమీద చెన్నై వెళ్లి, ఓ పూట పెరియమేట్‌లో తిరిగాను. అక్కడ వీధికి వీధి తోలు దుకాణాలే. రాణిపేట, అంబూరు, వాణియంబాడి వైపు తయారైన సరుకు అక్కడ దొరుకుతుంది. సీట్లకు పనికొచ్చే తోలు రెండు రంగుల్లోనే ఉంది, నలుపు, లేత బిస్కెట్. నాకు కావలసింది నాన్న కొన్నప్పుడు సీట్లకున్న రంగు. ఏడాది నిల్వ చేసిన చింతపండు ఎలా ఉంటుందో అలాంటి ముదురు గోధుమ, వెలుగులో చూస్తే కొంచెం ఎరుపు. పాత రెగ్జిన్ ముక్క ఒకటి జేబులో పెట్టుకునే వెళ్లాను.

దుకాణాయన ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, "రంగు ఇస్తాం సార్, డ్రమ్ము వేయించాలి, కనీసం వెయ్యి అడుగులు తీసుకోవాలి" అన్నాడు. తోళ్లకు రంగు పట్టించేది పెద్ద చెక్క డ్రమ్ములో. తోళ్లు, నీళ్లు, రంగు వేసి గంటల తరబడి తిప్పుతారు. ఒక కారుకు సరిపడా నాలుగు తోళ్ల కోసం ఎవరూ డ్రమ్ము తిప్పరు. పైగా ఈ డ్రమ్ములో వచ్చిన రంగు వచ్చే నెల డ్రమ్ములో అచ్చంగా అలాగే రాదు. నా కారుకు లెక్కేస్తే 150 చదరపు అడుగులు చాలు. వెయ్యి అడుగులంటే ఏడు కార్లు. రైల్లో తిరిగొస్తూ ఈ లెక్కే వేసుకున్నాను. నాతో కలిపి ఏడుగురు కావాలి.

అంబాసిడర్ ఉన్నవాళ్లను వెతకడం కష్టం కాలేదు. 2014 మేలో అంబాసిడర్లు తయారయ్యే ఉత్తరపార ఫ్యాక్టరీ ఆగిపోయినప్పటి నుంచి ఈ బండి ఉంచుకున్నవాళ్లంతా స్పేర్ పార్టుల కోసం ఒకే నాలుగైదు దుకాణాల చుట్టూ తిరుగుతున్నాం. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పార్టుల దుకాణాయన నాకు ఆరు నంబర్లు ఇచ్చాడు. ఆ ఆరుగురూ ఇంకొందరిని చెప్పారు. గుంటూరు, తెనాలి, ఏలూరు, రాజమండ్రి, హైదరాబాద్ నుంచి ఒకరు, మొత్తం పద్నాలుగు మందితో వాట్సాప్ గ్రూపు తయారైంది.

మొదటి వారమే అసలు ప్రశ్న వచ్చింది. ఏ తోలు? తెనాలి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేసి, "బాబూ, ఆవు తోలైతే మా ఇంట్లో ఒప్పుకోరు. నేను మానేస్తాను, మీరు కానివ్వండి" అన్నారు. ఆ మాట పైకి అన్నది ఆయనొక్కరే. మిగతావాళ్లకు విడివిడిగా ఫోన్ చేసి అడిగితే మరో నలుగురిదీ అదే ఇబ్బంది, మొహమాటానికి చెప్పలేదంతే. గ్రూపులో అడిగితే ఈ సంగతి నాకెప్పటికీ తెలిసేది కాదు. అప్పటి నుంచి డబ్బుకు, ఇంటి అభ్యంతరాలకు సంబంధించిన ఏ విషయమైనా ఒక్కొక్కరికీ ఫోన్ చేసే అడిగాను.

గేదె తోలు అని తేల్చాం. ఇది రాజీ కోసం తగ్గి తీసుకున్నది కాదు. గేదె తోలు పైన గింజ, అంటే తోలు మీద సహజంగా ఉండే గీతల అల్లిక, కొంచెం మోటుగా కనిపిస్తుంది, కానీ గట్టిది. మందంగా ఉంటుంది కాబట్టి మనకు కావలసిన 1.2 మిల్లీమీటర్లకు చీల్చి ఇస్తారు. అంబాసిడర్ లాంటి బండికి ఆ మోటు గింజే అందం అని నా అభిప్రాయం, ఇప్పటికీ అంతే. మన పాత పద్ధతిలో తంగేడు చెక్క, కరక్కాయ వేసి పదును చేసిన (పచ్చి తోలు కుళ్లకుండా శుద్ధి చేసిన) తోలు తీసుకుందామని ఏలూరు మిత్రుడు పట్టుబట్టాడు. ఆ తోలంటే నాకూ ఇష్టమే, చెప్పులకు, సంచులకు దానికి సాటి లేదు. కానీ ఎండలో నిలబెట్టిన కారులో అది నల్లబడుతుంది, వేడికి బిగుసుకుంటుంది. సీట్లకు క్రోమ్ పదునే (క్రోమియం ఉప్పులతో చేసేది) మేలని సీట్లు కుట్టే మేస్త్రీ కూడా చెప్పాక ఆయన ఒప్పుకున్నాడు.

రాణిపేట వైపు ఒక ట్యానరీతో (తోళ్లు పదును చేసే ఫ్యాక్టరీతో) మాట్లాడి మొదటి శాంపిల్ తెప్పించాను. ఫోన్లో ఫొటో పెడితే ఒక్కొక్కరి ఫోన్లో ఒక్కో రంగు కనిపిస్తుంది. అందుకని అరచేయంత ముక్కలు కోసి అందరికీ స్పీడ్ పోస్టులో పంపాను. వెంట ఒక కాగితం రాసి పెట్టాను: తెల్ల రుమాలు తడిపి ముప్పైసార్లు రుద్దండి, మధ్యకు మడిచి ఒక రాత్రి బరువు కింద పెట్టండి, ఒక నీటి చుక్క వేసి పది నిమిషాలు చూడండి. మూడో రోజుకల్లా గ్రూపు నిండా ఎర్రటి రుమాళ్ల ఫొటోలే. రంగు దిగిపోతోంది. ఆ తోలు మీద ఒక్కసారి తెల్ల పంచె కట్టుకుని కూర్చుంటే చాలు, పంచె పాడు. ట్యానరీవాళ్లు వాదించకుండా పైన ఇంకో పూత వేసి రెండో శాంపిల్ పంపారు. ఈసారి రుమాలు తెల్లగానే వచ్చింది.

రెండో ముక్కను మే నెలలో పరీక్ష పెట్టాను. సగం అట్టముక్కతో కప్పి, టేపు వేసి, మా కారు డ్యాష్‌బోర్డు మీద ఎండలో వదిలేశాను. మే నెల విజయవాడ ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇరవై ఒక్క రోజుల తర్వాత టేపు ఊడదీసి వరండాలోకి తెచ్చి చూస్తే, కప్పిన సగానికీ కప్పని సగానికీ మధ్య గీత ఉందా లేదా అని వెతుక్కోవాల్సి వచ్చింది. అమ్మను పిలిచి చూపించాను. "ఇదే రంగు" అంది. నాన్న సీట్లు కొత్తగా ఉన్నప్పుడు చూసిన మనిషి మా ఇంట్లో ఆవిడొక్కతే.

ఆ ముక్కలే మాకు ఒప్పంద పత్రం అయ్యాయి. ఒక్కొక్కరూ తమ ముక్క వెనక తేదీ వేసి సంతకం పెట్టి నాకు తిరిగి పంపారు. ఒకటి ట్యానరీకి పంపి, మిగతావి నా దగ్గర ఉంచాను.

అప్పటికి పద్నాలుగు మంది తొమ్మిది మంది అయ్యారు. ఇద్దరికి ధర ఎక్కువైంది, ఒకరు నలుపే కావాలన్నారు, ఒకరు బండి అమ్మేశారు. అయిదో ఆయన అంబాసిడర్ వదిలేసి తన కొత్త కారు సీట్లకు ఇదే తోలు వేయించమన్నారు. ఆయనకు నేనే వద్దని చెప్పాను. ఆ కారు ముందు సీట్ల పక్క భాగంలో ఎయిర్‌బ్యాగులున్నాయి. ఎయిర్‌బ్యాగు విచ్చుకునేటప్పుడు అక్కడి కుట్టు తెగి దారివ్వాలి, అందుకు దారం, కుట్టు ప్రత్యేకంగా ఉండాలి. మా మేస్త్రీ ఆ పని ఎప్పుడూ చేయలేదు. అడిగినాయనకు కోపం వచ్చింది, ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడరు. అయినా ఆ విషయంలో నా మాట మార్చుకోను.

డబ్బు సంగతే నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది. నా సొంత ఖాతాలో వేయించుకోకూడదని ముందే అనుకున్నాను. గుంటూరు మిత్రుడూ నేనూ కలిసి ఒక జాయింట్ ఖాతా తెరిచాం. ఇద్దరి సంతకాలు లేకుండా రూపాయి బయటికి రాదు. ప్రతి శనివారం రాత్రి పాస్‌బుక్ పేజీ ఫొటో గ్రూపులో పెట్టేవాణ్ని, ఆ వారం ఏ లావాదేవీ లేకపోయినా సరే. మూడు వాయిదాలు పెట్టాం. శాంపిళ్లకు, అట్ట కొలతలకు (తోలు కోయడానికి సీటు ముక్కల ఆకారంలో చేసుకునే అట్టలు) మొదట 2,000. తోలు ఆర్డరుకు ముందు 22,000. మిగతాది బండి చేతికొచ్చాక. రెండో వాయిదా కట్టాక మానుకోవాలంటే తన బదులు ఇంకొకరిని తేవాలి, లేకపోతే డబ్బు తిరిగి రాదు. ఈ షరతు రాసి అందరి దగ్గరా సంతకం తీసుకున్నాం.

ఆ షరతు పనికొచ్చింది. రాజమండ్రి ఆయనకు ఇంట్లో ఆస్పత్రి ఖర్చు వచ్చి బండి అమ్మాల్సి వచ్చింది. మాకు ఫోన్ చేసి ఎంతో బాధపడ్డారు. చివరికి బండి కొన్నాయనే ఆ వాటా కూడా కొనుక్కుని గ్రూపులోకి వచ్చాడు. అంబాసిడర్‌తో పాటు ఇంకా పుట్టని సీట్లను కూడా కొన్నాడన్నమాట.

లెక్క ఇలా తేలింది. ఆరు బండ్లకు ముందు బెంచీ సీట్లు, ఒక్కోదానికి 150 అడుగులు. మూడు 1800 ఐఎస్‌జడ్ బండ్లు (తర్వాతి కాలపు అంబాసిడర్లు), వాటికి ముందు విడి సీట్లు, గేరు కింద ఉంటుంది కాబట్టి గేరు రాడ్డుకు తోలు తొడుగు కూడా కావాలి, ఒక్కోదానికి 160. మొత్తం 1,380. చేతిలో కాస్త ఉండాలని 1,450 అడుగులు ఆర్డరిచ్చాం, అడుగు 118 రూపాయలకు. పెరియమేట్‌లో నాకొక్కడికి నల్ల తోలుకు చెప్పిన ధర 160. కుట్టుకూలి, ఫోమ్, పక్కలకు అదే రంగు రెగ్జిన్, పన్ను, రవాణా అన్నీ కలిపి మనిషికి 33 వేల దాకా అవుతుందని అందరికీ చెప్పాను. ఈ అంకె తర్వాత మారింది, దాని సంగతి కింద చెబుతాను.

ఆగస్టులో సరుకొచ్చింది. 73 సైడ్లు, అంటే వెన్ను గీత వెంట రెండుగా కోసిన సగం తోళ్లు. మేస్త్రీ షెడ్డులో పట్టా పరిచి ఒక్కొక్కటీ విప్పాం. షెడ్డంతా కొత్త తోలు వాసన. ప్రతి తోలు వెనక మిషన్ కొలిచిన అంకె ముద్ర ఉంటుంది. నేను చదువుతుంటే గుంటూరు మిత్రుడు రాసుకున్నాడు. 20, పక్కన పైకి చిన్న 3. 19, పక్కన చిన్న 1. కూడితే బిల్లుకన్నా 54 అడుగులు తక్కువ వచ్చింది. నా గుండె జారిపోయింది. తొమ్మిది మంది డబ్బు అది.

మేస్త్రీ ఆ కాగితం తీసుకుని చూసి, "బాబుగారూ, ఈ చిన్న అంకెను మీరు దశాంశం అనుకుంటున్నారు. ఇది పావులండీ. చిన్న మూడు అంటే ముప్పావు" అన్నాడు. అంటే 20 పక్కన చిన్న 3 ఉంటే ఇరవై ముప్పావు అడుగులు. మళ్లీ మొదటి నుంచి కూడాం. 1,412 వచ్చింది. అయినా 38 అడుగులు తక్కువే. ముద్రలన్నీ ఫొటోలు తీసి, కూడిక కాగితంతో సహా ట్యానరీకి పంపాను. రెండు రోజులు సమాధానం లేదు. నాలుగోసారి ఫోన్ చేశాక పొరపాటు ఒప్పుకుని 4,484 రూపాయలు వెనక్కి వేశారు. ఆ వారం పాస్‌బుక్ ఫొటో కింద వచ్చిన నమస్కారాలు ఇంతా అంతా కావు.

రంగు కూడా సంతకాల ముక్కతో పోల్చి చూశాం, ట్యూబ్‌లైటు కింద కాదు, షెడ్డు బయట పగటి వెలుగులో. రెండు సైడ్లు ఒక ఛాయ లేతగా ఉన్నాయి. వాటిని పైకి కనపడే చోట వాడొద్దని వెనక సుద్దతో గుర్తు పెట్టాం.

ఆ తర్వాత వారం రోజులు నేను ఆఫీసుకు సెలవు పెట్టి మేస్త్రీ పక్కనే కూర్చున్నాను. ఆయన ఆటోనగర్‌లో లారీ, బస్సు సీట్లతో మొదలుపెట్టి నలభై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాడు. గుడ్డ మీటర్లలో వస్తుంది, ఎక్కడ కోసినా ఒకటే. తోలు అలా కాదు. వెన్ను పక్కన బిగువుగా ఉంటుంది, పొట్ట వైపు వచ్చేకొద్దీ సాగుతుంది. మనిషి బరువు పడే చోట పొట్ట తోలు వేస్తే ఆరు నెలల్లో గుంట పడుతుంది. ఆయన ప్రతి తోలునూ రెండు చేతులతో పట్టి లాగి, ఏ వైపు ఎంత సాగుతుందో చూసి, సుద్దతో బాణం గుర్తు వేసేవాడు. ముళ్లకంప గీతలు, పిడుదులు కుట్టిన మచ్చలు, నరం గీతలు అన్నిటి చుట్టూ సున్నా చుట్టేవాడు. ఆ తర్వాతే అట్టలు పరచడం. ముందు అన్ని బండ్ల కూర్చునే భాగాలు, వీపు భాగాలు వెన్ను పక్కన. తర్వాత తలుపు ప్యాడ్లు. మిగిలిన సందుల్లో గేరు తొడుగులు, సీటు అంచుల వెంట కుట్టే పైపింగుకు పట్టీలు. ఒక్క బండికే కోసి ఉంటే ఆ సందులన్నీ వ్యర్థంగా పోయేవి. తొమ్మిది బండ్ల అట్టలు చేతిలో ఉండబట్టి, ఏ సందుకు ఏ ముక్క సరిపోతుందో వెతుక్కునే వీలు దొరికింది. అందరం కలిసి కొంటే వచ్చే లాభం ధరలో కన్నా ఇక్కడే ఎక్కువని నాకు ఆ వారంలో అర్థమైంది.

కుట్టులోనూ ఒక మాట చెప్పాలి. కుట్టు దగ్గర దగ్గరగా పడితే అందంగా ఉంటుందని నేను అనుకునేవాణ్ని. తోలులో సూది చేసిన రంధ్రం మళ్లీ పూడదు. రంధ్రాలు మరీ దగ్గరైతే తపాలా బిళ్ల చింపినట్టు ఆ గీత వెంటే చిరుగుతుంది. అందుకని కుట్టుకూ కుట్టుకూ నాలుగు మిల్లీమీటర్ల పైన ఉంచి, పాలియెస్టర్ దారంతో వేశాడు. రెండు ముక్కలు కలిసే చోట అంచుల్ని కత్తితో పలుచగా చెక్కి గానీ కుట్టలేదు. లేకపోతే అక్కడ కణుపులా తేలుతుంది.

మొదటి బండి నాదే పెట్టమన్నాను. ఏదైనా తేడా వస్తే నా బండి మీదే రావాలని. వచ్చింది కూడా. వెనక సీటు బిగించాక ఒక పక్క అలలు అలలుగా ముడతలు. కోత తప్పు కాదు, కుట్టు తప్పు కాదు. కింద పాత పీచు కుంగిపోయి ఉంది. రెగ్జిన్‌ను లాగి బిగిస్తే ఆ పల్లాలు కనపడవు. తోలు మాత్రం పల్లాన్ని దాచదు. మళ్లీ విప్పి, స్ప్రింగులు కట్టించి, రబ్బరు పట్టించిన కొత్త కొబ్బరి పీచు వేసి, పైన ఫోమ్ పరిస్తే అప్పుడు కుదిరింది. దానికి 2,800 అదనం. మిగతా ఎనిమిది బండ్లవీ ఏళ్ల తరబడి కూర్చున్న సీట్లే. అన్నిటికీ ఇదే ఖర్చు తప్పదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 33 వేలు అని అందరికీ మాట ఇచ్చింది నేను. పొద్దున్నే ముడతలున్న ఫొటో, బాగుచేశాక ఫొటో పక్కపక్కన పెట్టి, మేస్త్రీ రాసిచ్చిన చిట్టీతో సహా గ్రూపులో వేశాను. సీటు అడుగు చూడకుండా అంచనా చెప్పడం నా తప్పేనని రాశాను. ట్యానరీ వెనక్కిచ్చిన డబ్బు తొమ్మిది మందికి పంచితే మనిషికి 498 వస్తుంది, అది దీంట్లో తగ్గిద్దాం అన్నాను. ఇద్దరు గట్టిగానే మాట్లాడారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. తెనాలి మాస్టారు మాత్రం, "పునాది బాగాలేకుండా పైన ఎంత తోలు వేస్తే ఏం లాభం, చేయించండి" అని ఒక్క వాక్యం రాశారు. సాయంత్రానికి అందరూ సరేనన్నారు. ఇలాంటి పని పెట్టుకునేవాళ్లు ఎవరైనా సరే, డబ్బు మాట్లాడే ముందు ఒక్క సీటైనా విప్పించి అడుగు చూడండి.

తర్వాతి బండ్లు వారానికి ఒకటి చొప్పున నడిచాయి. హైదరాబాద్ ఆయన కారు తీసుకురాలేక సీట్లు మాత్రం విప్పించి ట్రాన్స్‌పోర్టులో వేశారు. దారిలో ఒక ఫ్రేము వంగింది, మేస్త్రీయే సరిచేశాడు. కార్తీక పౌర్ణమి వెళ్లాక ఆఖరి బండి బయటికెళ్లింది. అది మాస్టారిదే. ఆయన ఎక్కి కూర్చుని, రెండు అరచేతులూ సీటు మీద ఆనించి, కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. వాళ్లావిడ వెనక సీట్లో కూర్చుని చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

మిగిలిన తోలు 84 అడుగులు. ఒక్కొక్కరికీ నాలుగు అడుగుల ముక్క చుట్టి ఇచ్చాం. అదే డ్రమ్ములో తిరిగిన తోలు కాబట్టి రేపు ఎక్కడైనా చిరిగితే రంగు తేడా లేకుండా అతుకు వేసుకోవచ్చు. మిగతాదాంతో ఎండ అడ్డాలకు తొడుగులు కుట్టించాం. ఖాతాలో చివరికి మిగిలిన 640 రూపాయలు షెడ్డులో పనిచేసే కుర్రాళ్లకు ఇచ్చి, ఆఖరి పాస్‌బుక్ ఫొటో పెట్టి ఖాతా మూసేశాం.

అట్టలు మాత్రం మేస్త్రీ దగ్గరే వదిలేశాను. ఒక్కోదాని మీద పేరు, ఊరు, బెంచీనో విడి సీటో రాసి, మేకుకు తగిలించి ఉన్నాయి. మొన్న ఆయన ఫోన్ చేశాడు. "బాబుగారూ, భీమవరం నుంచి ఒకాయన అంబాసిడర్ తెచ్చాడు. మీ సీట్లు చూసి అదే రంగు కావాలంటున్నాడు. మీ అట్టలు వాడుకోమంటారా?" నిక్షేపంగా వాడండి, అట్టల డబ్బు ఆయన దగ్గర తీసుకోవద్దు అని చెప్పాను. కానీ తోలు లేదు. ఆ రంగు కావాలంటే మళ్లీ డ్రమ్ము వేయించాలి. భీమవరం ఆయన నంబరు రాసుకున్నాను. ఇంకా ఆరుగురు కావాలి.